మెడలో నరం నొక్కుకుంటే ఆపరేషన్ వెంటనే చేయించుకోవాలా, ఆగి చూడాలా?

నిద్రలేని రాత్రులు:
అందరికీ నమస్కారం. నాకు 46 ఏళ్లు. ఏడు వారాల క్రితం ఎడమ రెక్క ఎముక లోపలి అంచున, బొటనవేలు మోపేంత చోట నొప్పి మొదలైంది. దబ్బనంతో గుచ్చి తిప్పినట్టు ఉండేది. మెడ నొప్పి లేదు, చేయి నొప్పి లేదు. నాలుగు రోజులకు అది ఎడమ ఛాతీలోకి పాకింది. గుండెపోటేమో అని అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఈసీజీ, ట్రోపోనిన్, ఎకో అన్నీ నార్మల్. గ్యాస్ అని మందులిచ్చి పంపేశారు. వారం తర్వాత నడిమి వేలు మొద్దుబారింది. అప్పుడు మరో డాక్టరు గారు మెడకు ఎంఆర్ఐ రాశారు. ఆరో, ఏడో పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి, మెడ నుంచి ఎడమ చేతిలోకి వెళ్లే సీ7 అనే నరాన్ని నొక్కుతోందట. సర్జన్ ఈ నెలలోనే ఆపరేషన్ అంటున్నారు. న్యూరాలజిస్ట్ మూడు నెలలు ఆగమంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఇంట్లో అందరికీ టెన్షన్. ఎవరి మాట వినాలి?

తగ్గిన కండ:
సర్జన్ మాట వినండి. నాదీ అదే నరం. అందరూ "దానంతట అదే తగ్గుతుంది" అంటే నమ్మి ఎనిమిది నెలలు ఆగాను. నిజంగానే నొప్పి తగ్గింది. ఇంకేం, నయమైపోయింది అనుకున్నాను. ఒకరోజు బరువైన తలుపు ఎడమ చేత్తో తోస్తే కదల్లేదు, కుడి చేత్తో తోస్తే తెరుచుకుంది. అద్దంలో చూసుకుంటే పైచేయి వెనక కండ, ట్రైసెప్స్ అంటారే, అది సగానికి సగం పీక్కుపోయి ఉంది. ఆ తర్వాత ఆపరేషన్ చేయించుకున్నా బలం పూర్తిగా తిరిగి రాలేదు. నొప్పి పోయిందంటే నరం బాగుపడినట్టు కాదు. ఇది నాకు ముందే ఎవరూ చెప్పలేదు.

వెన్నుపూస:
నేను ఫిజియోథెరపిస్టుని. పై సభ్యుడికి జరిగింది నిజంగా బాధాకరం. కానీ అందరికీ అలాగే అవుతుందనుకుంటే అక్కర్లేని ఆపరేషన్లు చాలా జరుగుతాయి. అమెరికాలోని రోచెస్టర్‌లో 1976 నుంచి 1990 దాకా ఈ జబ్బు వచ్చినవాళ్ల రికార్డులు పరిశీలించారు. చివరిసారి చూసేనాటికి నూటికి 90 మందికి బాధ లేదు, లేదా కొద్దిగా మాత్రమే ఉంది. ఆపరేషన్ అయినవాళ్లు దాదాపు నాలుగోవంతు. స్వీడన్‌లో ఆపరేషన్, ఫిజియోథెరపీ, మెడపట్టీ ఈ మూడింటినీ పోల్చి 1997లో ఫలితాలు చెప్పారు. మొదటి నెలల్లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకే హాయిగా ఉంది, ఏడాది తిరిగేసరికి నొప్పిలో తేడా లేదు. జారిన డిస్క్ ముక్కను చాలాసార్లు శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. నరం చుట్టూ వాపు దిగుతుంది. మూడు నెలలు ఆగమనడం వెనక ఉన్న కారణం ఇదే.

రెక్క నొప్పి గురించి కూడా చెప్పాలి. చేతిలోకి దిగేముందు రెక్క ఎముక దగ్గరే మొదలవడం ఈ జబ్బులో మామూలే. ఛాతీ కండరాలకు వెళ్లే నరాల్లోనూ సీ7 పోగులుంటాయి, అందుకే గుండె నొప్పిలా అనిపిస్తుంది. ముందు గుండె పరీక్షలకు పరుగెత్తడం మాత్రం నూటికి నూరుపాళ్లు సరైన పని. ఎవరైనా అలాగే చేయాలి.

ఒకటి అడుగుతాను. రాత్రి ఎడమ చేయి ఎత్తి అరచేయి నడినెత్తిన పెట్టుకుంటే నొప్పి తేలికపడుతుందా?

నిద్రలేని రాత్రులు:
అవునండీ! నేను పడుకునేదే అలా. చేయి దించితే మెలకువ వచ్చేస్తుంది. ఇది ఎవరికీ చెప్పలేదు, మీకెలా తెలిసింది?

వెన్నుపూస:
చేయి ఎత్తినప్పుడు నరం మీద లాగుడు తగ్గుతుంది. డాక్టర్లు దీన్ని గుర్తుగా చూస్తారు. భుజం కీలు జబ్బయితే చేయి ఎత్తగానే నొప్పి పెరిగేది.

తగ్గిన కండ:
వెన్నుపూస గారూ, స్వీడన్ లెక్క నేనూ చదివాను. అందులో చేరినవాళ్లంతా అప్పటికే మూడు నెలలకు పైగా బాధపడ్డవాళ్లు. మొదటి వారాల్లోనే బలం తగ్గుతున్న మనిషి ఏం చేయాలో ఆ లెక్క చెప్పదు. పైగా మీరు చెప్పిన తేడాలన్నీ నొప్పి గురించే. నేను మాట్లాడేది కండ గురించి.

హోరుగాలి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకు రెండేళ్లుగా తల తిరుగుడు, చెవిలో హోరు. ఎంఆర్ఐలో ఐదో, ఆరో పూసల దగ్గర అరుగుదల ఉందన్నారు. మెడ నరమే కారణమని పట్టీ వేశారు. ఏమీ తగ్గలేదు. నేనూ ఆపరేషన్‌కి వెళ్లాలా?

వెన్నుపూస:
వెళ్లకండి, ముందు చెవి డాక్టరుని కలవండి. మెడ పైభాగంలోని సీ2, సీ3 నరాల వల్ల తల వెనక, చెవి వెనక నొప్పి రావచ్చు. ఐదు, ఆరు పూసల మధ్య నుంచి వచ్చేది సీ6, అది బొటనవేలి వైపు వెళుతుంది, చెవికి కాదు. జపాన్‌లో మెడ బాధ లేని 1,211 మందికి ఎంఆర్ఐ తీస్తే 87.6 శాతం మందిలో డిస్క్ ఉబ్బి కనిపించింది. స్కాన్‌లో కనిపించినదల్లా జబ్బు కాదు. పక్క మీద ఒత్తిగిల్లినప్పుడు గది గిర్రున తిరుగుతుంటే అది లోపలి చెవి సమస్య కావచ్చు. తలను కొన్ని భంగిమల్లో తిప్పి దాన్ని సరిచేస్తారు. దయచేసి మెడను పటపటలాడించే వాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. అరుదుగానైనా మెదడుకు వెళ్లే రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది.

తగ్గిన కండ గారూ, మీరన్నది నిజం. నేను నొప్పి లెక్కలు చెప్పి బలం సంగతి దాటేశాను. నొప్పి ఒక్కటే ఉంటే మందులు, వ్యాయామంతో ఆగవచ్చు. బలం తగ్గుతూ వస్తుంటే ఆగకూడదు. నిద్రలేని రాత్రులు గారూ, గోడకు మూరెడు దూరంలో నిలబడి, ఒక్కో అరచేతితో ఆనుకుని, మోచేయి వంచి వెనక్కి తోసుకోండి. రెండు చేతులకూ పదేసి సార్లు. అలాగే చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడకలో కాళ్లు తడబడినా, మూత్రం పట్టు తప్పినా రేపటిదాకా ఆగకండి. అది ఒక్క నరం కాదు, వెన్నుపాము నలుగుతున్నట్టు.

తగ్గిన కండ:
ఈ గోడ పరీక్ష నాకు ఎవరైనా మొదటి వారంలోనే చెప్పి ఉంటే!

నిద్రలేని రాత్రులు:
ఇప్పుడే చేశాను. కుడి చేత్తో పది సార్లూ సులువుగా అయింది. ఎడమ చేత్తో నాలుగోసారికే మోచేయి వణికి, ఆరోసారి ముఖం గోడకు తగిలేంత పనైంది. మా ఆవిడ పక్కనుంచి పట్టుకుంది. గుండీలు, నడక బాగానే ఉన్నాయి. ఈ బలహీనత గురించి ఇద్దరు డాక్టర్లకూ నేను చెప్పలేదు, నాకే తెలియదు. న్యూరాలజిస్ట్‌కి ఫోన్ చేస్తే రేపు ఉదయమే రమ్మన్నారు. ఆపరేషనా కాదా అన్నది ఆయన చేయి పరీక్షించాక ఇక్కడ రాస్తాను.