అమ్మమ్మ వీణకు బీమా

మల్కాజిగిరి నుంచి:

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఉద్యోగం మీద న్యూజెర్సీ వస్తున్నాను. అమ్మమ్మ వీణ వెంట తెచ్చుకోవాలని ఉంది. బొబ్బిలి వీణ, ఏకాండి, అంటే అంతా ఒకే మానులో తొలిచింది. 1962లో తాతగారు ఆమెకు కొనిపెట్టారు. దండి (మెట్లుండే పొడవాటి భాగం) మీద, కుండ (కింది గుండ్రటి బోలు భాగం) చుట్టూ తెల్లటి నగిషీ ఉంటుంది, అది ఏనుగు దంతమని ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకుంటారు. అక్కడ అద్దె ఇంటికి బీమా ఎలాగూ తీసుకోవాలి కదా, వీణ కూడా అందులోకే వస్తుందని ఒకరు అన్నారు. కాదు, విడిగా చేయించాలని ఇంకొకరు అన్నారు. ఏ కంపెనీ మంచిదో చెప్పగలరా? శని, ఆదివారాల్లో నలుగురైదుగురు పిల్లలకు పాఠం చెప్పాలన్న ఆలోచన కూడా ఉంది.

షికాగో నుంచి, ప్రస్తుతం నల్లకుంటలో:

అమ్మాయీ, నీది మా పెద్దపాప వయసై ఉంటుంది, అందుకని నువ్వు అంటున్నాను. షికాగో దగ్గర పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఈ నెల మాత్రం అమ్మ దగ్గర నల్లకుంటలో ఉన్నాను. పక్క గదిలో నా వీణకు మేళం కడుతున్నారు, అంటే మెట్లను మైనంలో కొత్తగా నిలబెడుతున్నారు, ఇల్లంతా మైనం వాసన.

ఏ కంపెనీ అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు ఇది చెప్పు: ఆ వీణ విలువ ఇంత అని చూపించే కాగితం ఏదైనా నీ దగ్గర ఉందా? లేకపోతే హైదరాబాదులో ఉండగానే సంపాదించు. అక్కడికి వెళ్లాక వీణను చూసి ధర కట్టగలిగిన మనిషిని వెతుక్కుంటూ నాలుగు రాష్ట్రాలు తిరగాలి.

నా సంగతి చెబుతాను. ఒక చలికాలం మా పై అంతస్తులో నీటి పైపు గడ్డకట్టి పగిలింది. మేం ఊళ్లో లేం. తిరిగి వచ్చేసరికి వీణ మూల నిలబెట్టినది నిలబెట్టినట్టే ఉంది కానీ కింద కుండ తడిసి, దండి అతుకు విడిపోయింది. నాది మీ అమ్మమ్మగారి వీణలా ఒకే మానులో తొలిచింది కాదు, అతుకుల వీణ. బీమా కంపెనీ పంపిన మనిషి మర్యాదస్థుడే. బ్రాండు ఏమిటని అడిగాడు. సీరియల్ నంబరు కోసం దండి చివర చెక్కిన యాళి ముఖం నోట్లోకి టార్చి వేసి చూశాడు. ఆయన ఫారంలో వీణ అనే మాట లేదు, గిటారు కింద రాసుకున్నాడు. ఇంటర్నెట్‌లో దొరికిన ఒక కొత్త వీణ ధర పట్టుకుని, నాది పాతది కాబట్టి తరుగు తీసేసి, పాలసీ ప్రకారం మేం భరించాల్సిన మొదటి 500 డాలర్లు కోసేసి చెక్కు పంపారు. దాంతో ఇద్దరం ఒక పూట హోటల్లో తిన్నాం. పోట్లాడదామంటే చేతిలో కాగితం లేదు.

ఆ కాగితం పెద్ద పనేమీ కాదు. వీణలు చేసేవారినో బాగుచేసేవారినో ఇంటికి పిలిపించి, వాళ్ల లెటర్‌హెడ్ మీద ఇంగ్లీషులో రాయించుకో. పనస చెక్క, ఏకాండి, 24 మెట్లు, చేసిన ఊరు, ఇప్పుడున్న స్థితి, ఈరోజు అలాంటిది చేయించాలంటే అయ్యే ఖర్చు, పట్టే కాలం, తేదీ, సంతకం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఈ పని తరాలుగా చేస్తున్న కుటుంబాలున్నాయి, వాళ్ల చేత రాయించగలిగితే ఇంకా మంచిది. వీణకు నంబరు ఉండదు కాబట్టి ఫొటోలే దాని వేలిముద్రలు. యాళి ముఖం రెండు పక్కలా, కుండ వెనుక చెక్క పొరలు, పాత గీతలు, అమ్మమ్మగారి చేతి రాపిడికి రంగు పోయిన చోటు, ఏదీ వదలకు. అతుకు లేదని తెలిసేలా దండి, కుండ కలిసే చోట దగ్గర్నుంచి తీయి.

ఇక పాలసీ. అద్దె ఇంటి బీమాలో వీణ వస్తుందన్న మాట అబద్ధం కాదు. నిప్పు, దొంగతనం, పైపు పగలడం లాంటి పేరు రాసిన ప్రమాదాలకే వస్తుంది. నీ చేయి జారి పడితే రాదు. అందుకే ఆ పాలసీలోనే వీణను పేరు పెట్టి విడిగా రాయించాలి, దాన్ని షెడ్యూల్ చేయడం అంటారు. అప్పుడు పడినా, పోయినా వర్తిస్తుంది, చాలావరకు మనం భరించే మొత్తం కూడా ఉండదు. అడగాల్సిన మాట ఒక్కటే: ముందే ఒప్పుకున్న విలువ ఇస్తారా, నష్టం జరిగిన రోజు వాళ్లు లెక్కగట్టిన విలువా? మొదటిదే కావాలని పట్టుబట్టు. పాతదాని బదులు కొత్తది ఇస్తామన్న హామీ చూసి మురిసిపోకు. పురాతన వస్తువులకు అది వర్తించదని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మరమ్మతు భారతదేశంలో చేయిస్తే రానుపోను ఖర్చు ఇస్తారేమో కూడా మెయిల్లో అడిగి, జవాబు దాచుకో.

ఎంత మంచి పాలసీ అయినా మెల్లమెల్లగా వచ్చే చేటుకు డబ్బివ్వదు. చలికాలం హీటర్ వేస్తే గాలి ఎండిపోయి చెక్క బీటలిస్తుంది, మైనం పగులుతుంది. అది నీ ఖాతాలోదే. గదిలో తేమ చూసే చిన్న యంత్రం, తేమనిచ్చే యంత్రం కొనుక్కో. జూలైలో కారు డిక్కీలో వదిలితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, అదీ రాదు. మనిషి లేని కారులోంచి దొంగతనం జరిగితే ఇవ్వబోమని రాసే కంపెనీలున్నాయి, ఆ వాక్యం వెతికి చదువు.

విమానం సంగతి. షంషాబాద్‌లో వీణను సామానులో వేస్తే, మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమాన సంస్థ బాధ్యత ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌ల వరకే (ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం), అంటే సుమారు 2,000 డాలర్లు. 2024 డిసెంబరు 28 నుంచి ఇదీ లెక్క. వీణ ఒక్కదానికి కాదు సుమా, నీ సూట్‌కేసులన్నిటితో కలిపి! అంతకన్నా ఎక్కువ కావాలంటే చెక్-ఇన్ దగ్గరే విలువ ప్రకటించి అదనంగా కట్టాలి. పెళుసు వస్తువు, బాధ్యత మాది కాదు అన్న చీటీ మీద సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టకు. మన దగ్గర అమ్మే ప్రయాణ బీమాల్లో చాలావాటికి సామాను పూర్తిగా పోతేనే డబ్బు, విరిగితే సున్నా. అక్కడ దిగాక తీసుకునే పాలసీ దారిలో విరిగినదానికి రాదు, కాబట్టి ప్రయాణపు రోజుకే అమల్లోకి వచ్చేలా చూడు. దండి పైకొన కింద ఉండే పైబుర్ర విప్పి, తీగలు కాస్త వదులు చేసి, గట్టి పెట్టెలో పెట్టు. దిగగానే పెట్టె అక్కడే తెరువు. విరిగి ఉంటే కౌంటర్లో ఫిర్యాదు రాయించి గానీ బయటికి రాకు. దెబ్బతిన్న సామానుకు 7 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పకపోతే హక్కు పోతుంది.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం నీ ఏనుగు దంతం. అది దంతమే అయితే ఆ వీణను కదపకు. ఇక్కడా, అక్కడా చట్టం ఒప్పుకోదు. జప్తు చేస్తే బీమా కంపెనీ పైసా ఇవ్వదు, ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నదానికి పరిహారం లేదని దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. వీణ నూరేళ్లు దాటినదైతే 1972 నాటి పురావస్తు చట్టం అడ్డుపడేది, నీకు ఆ బాధ లేదు.

ఎడిసన్ నుంచి, వయొలిన్ వాయించేవాణ్ణి:

అక్కగారు చెప్పినదాంట్లో ఒక్కచోట ఒప్పుకోను. పిల్లల దగ్గర ఫీజు తీసుకున్న రోజునుంచి మీ వీణ వ్యాపార వస్తువు అవుతుంది. ఇంటి బీమాలో షెడ్యూల్ చేయించినా ఆ మాట పట్టుకుని కాదనవచ్చు. వాద్యాలకే బీమా చేసే కంపెనీలు వేరే ఉన్నాయి, వృత్తిగా వాయించేవారికీ ఇస్తాయి. బాగుచేయించాక వాద్యం విలువ తగ్గితే ఆ తేడా కూడా ఇచ్చేవి ఉన్నాయి. సెలవుల్లో హైదరాబాదు తీసుకెళ్తే వర్తిస్తుందా అన్నది అడగండి. మీ వీసా మీద ఫీజు తీసుకోవచ్చా అన్నది ఆఫీసు లాయరును అడగాల్సిన ప్రశ్న, బీమా వాళ్లను కాదు. ఉచితంగా సరళీ స్వరాలు చెబితే ఏ గొడవా లేదు.

నా సలహా అడిగితే, అమ్మమ్మగారి వీణ మల్కాజిగిరిలోనే ఉంచి, విప్పి బిగించుకునే రకం ఇంకొకటి కొనుక్కుని రండి. చెక్కుతో 1962 తిరిగి రాదు.

మల్కాజిగిరి నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న వీణలు బాగుచేసే ఆయన వచ్చారు. భూతద్దం పెట్టి నగిషీ అంతా చూశారు. నిజం దంతమైతే అడ్డంగా కోసిన చోట సన్నని గీతలు ఒకదాన్నొకటి దాటుతూ వలలా కనిపిస్తాయట, ఇందులో ఒక్కటీ లేదు. ప్లాస్టిక్ అని తేల్చారు. కాగితంలోనూ అదే రాసి సంతకం పెట్టారు. నాకు ప్రాణం లేచివచ్చింది, వీణ తెచ్చుకుంటున్నాను, వాద్యాల కంపెనీకి ఈ రోజే రాశాను.

అమ్మమ్మ మాత్రం ఆయనకు కాఫీ కూడా ఇవ్వలేదు.