అప్‌డేట్: మధ్యాహ్నం పన్నెండింటి సైరన్ సంగతి

నెబ్రాస్కాలో మా చిన్న ఊళ్లో రోజూ మధ్యాహ్నం 12 గంటలకు సైరన్ ఎందుకు మోగుతోంది, అమ్మ హడలిపోతోంది అని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఫైర్ స్టేషన్‌కి వెళ్లి కనుక్కున్నాను. అది పాతకాలం నుంచి వస్తున్న భోజనం వేళ కూత. మంట అంటుకున్నా, టోర్నడో (భీకరమైన సుడిగాలి) వచ్చినా మోగేది కూడా అదే సైరన్. అక్కడ జీతానికి పనిచేసేవాళ్లు ఎవరూ లేరు. నాతో మాట్లాడినాయన ధాన్యం గిడ్డంగి నుంచి నేరుగా వచ్చాడు, చొక్కా నిండా మొక్కజొన్న దుమ్ము. అమెరికా మొత్తమ్మీద ఫైర్ సిబ్బందిలో దాదాపు 65 శాతం ఇలాంటి వాలంటీర్లే. వాళ్లంటే ఎంత గౌరవం కలిగిందో! టోర్నడో హెచ్చరికల్లో 'వాచ్' అంటే జాగ్రత్తగా ఉండాలని, 'వార్నింగ్' అంటే వెంటనే బేస్‌మెంట్‌లోకి దిగాలని అమ్మకు చెప్పాను. ఇప్పుడు పన్నెండింటి సైరన్ వినగానే కంచాలు పెట్టేస్తోంది.