సబ్నాటికా: 200 మీటర్ల దగ్గరే ఆగిపోయాను, ఇక్కణ్నుంచి ఎటు?

టైటానియం_తాత:
సబ్నాటికా (వేరే గ్రహం సముద్రంలో చిక్కుకుని బతకాల్సిన ఆట) మొదలుపెట్టి మూడు వారాలైంది. సేవ్ ఫైల్లో 19 గంటలు చూపిస్తోంది. లైఫ్‌పాడ్ (ఓడ కూలినప్పుడు తప్పించుకొచ్చిన డబ్బా) పక్కనే, లోతు తక్కువుండే సేఫ్ షాలోస్‌లో పెద్ద బేస్ కట్టాను. లాకర్లు 14, అందులో ఐదు టైటానియంతోనే నిండిపోయాయి. సీమాత్ (ఒక్కరు పట్టే చిన్న జలాంతర్గామి) ఉంది, సీగ్లైడ్ (చేత పట్టుకుని ఈదే మోటారు) ఉంది, పెద్ద ఆక్సిజన్ ట్యాంకు ఉంది. కానీ 200 మీటర్లు దాటగానే సీమాత్ కిర్రుమంటుంది, డ్యామేజ్ మొదలవుతుంది, నేను భయపడి పైకి వచ్చేస్తాను. రేడియోలో వచ్చిన సిగ్నల్స్‌లో లైఫ్‌పాడ్ 19 మిగిలిపోయింది. అదేమో ఆ లోతుకి ఇంకా కిందే ఉంది.

లెవెల్స్ లేవు, ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) లేదు, మ్యాప్ కూడా లేదు. ముందుకెళ్తున్నానో, గానుగెద్దులా తిరుగుతున్నానో తెలియట్లేదు. తర్వాతెక్కడైనా గన్ దొరుకుతుందా? కథ మాత్రం చెప్పేయకండి ప్లీజ్.

బిర్యానీ_బ్రేక్:
ఐదు లాకర్ల టైటానియమా! అన్నా, నువ్వు గ్రహం నుంచి బయటపడాలి, పాత ఇనప సామాన్ల కొట్టు పెట్టడం కాదు 😄 వికీ తెరిచి కోఆర్డినేట్లు చూసుకుని వెళ్ళిపో, అంతే.

జీలుగుబెండు:
వికీ మాట పక్కన పెట్టండి. "ఓర్నీ, ఇక్కడ ఇదుందా!" అనుకోవడమే ఈ ఆటలో మనకొచ్చే జీతం. అది కాస్తా ముందే ఖర్చుపెట్టేస్తే ఇంక ఆడటం దేనికి?

గన్ రాదు. డైరెక్టర్ ఛార్లీ క్లీవ్‌ల్యాండ్ ఈ సంగతి బయటే చెప్పాడు: 2012లో అమెరికాలోని శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక ఇంకో తుపాకుల ఆట చేయబుద్ధి కాలేదని. కత్తి ఉంటుంది. స్టేసిస్ రైఫిల్ ఉంటుంది కానీ అది ఎదుటి జీవిని కాసేపు కదలకుండా ఆపుతుంది, అంతవరకే. కాబట్టి బలం పెరిగాక కిందికి వెళ్దామని కూర్చుంటే 19 కాదు, 190 గంటలైనా మీ బలం పెరగదు. ఎంత లోతుకి వెళ్ళి ప్రాణాలతో తిరిగి రాగలరో అదే మీ లెవెల్.

మా ఊరి మోటబావిలో ఈత నేర్పేటప్పుడు మా చిన్నాన్న నా నడుముకి జీలుగు బెండ్లు కట్టేవాడు. నాలుగైదు రోజులకొక బెండు తీసేసేవాడు. తీసిన పొద్దున ఏడుపు, సాయంత్రానికి అదే బావిలో గెంతులు. ఈ ఆట దానికి తిరగేసిన పద్ధతి. ముందు ఉత్తినే నీళ్ళలోకి తోసేసి, తర్వాత ఒక్కో బెండు చేతికిస్తుంది.

ఏమీ లేకుండా 45 సెకన్ల ఊపిరి. మామూలు ట్యాంకుతో 75. మీ దగ్గరున్న పెద్దదానితో 135. అయితే 100 మీటర్లు దాటాక రీబ్రీదర్ (తలకి తొడుక్కునే గాలి ముసుగు) లేకపోతే ఆ 135 చూస్తుండగానే కరిగిపోతుంది. మీరు చెప్పిన సామాన్లలో అది కనబడలేదు. ముందు దాని పని చూడండి. 2018లో ఆట పూర్తిగా విడుదలైనప్పుడు మొదటిసారి ఆడాను. "ట్యాంకు పెద్దది ఉందిగా, ఇంకా తలకి ఆ బొచ్చె ఎందుకు" అని చాలా రోజులు దాన్ని చెయ్యనే లేదు. ఎన్నిసార్లు చచ్చానో లెక్క లేదు.

రెండోది అసలు సంగతి. సీమాత్‌ని బండి అనుకోవడం మానండి. అది గాలి డబ్బా. 190 దగ్గర ఆపండి, దిగండి, సీగ్లైడ్ పట్టుకుని ఇంకా కిందికి పోండి. 200 హద్దు సీమాత్‌కే, మీ ఒంటికి కాదు. ఊపిరి తగ్గగానే మళ్ళీ వచ్చి అందులో కూర్చుంటే ట్యాంకు నిండుతుంది. ఇది తెలియక నేను 30 గంటలు పైపైనే ఈదాను.

లెక్క ఇలా పెట్టుకోండి: 135లో దిగడానికి 45, ఎక్కడానికి 45, మధ్యలో 45 పనికి. పీడీఏ (చేతిలో ఉండే చిన్న కంప్యూటర్) "30 సెకన్లు" అని హెచ్చరించేసరికి మీ మొహం సీమాత్ వైపు ఉండాలి. నేనొకసారి ఆ మాట విని కూడా స్కానర్ వదల్లేదు, ఇంకొక్క పిసరే కదా అని. కళ్ళు తెరిచేసరికి బేస్‌లో ఉన్నాను, ఏరుకున్న వజ్రాలు లేవు.

మ్యాప్ లేదన్నారు కదా. నేను చదరాల నోట్‌బుక్ మధ్యలో లైఫ్‌పాడ్ పెట్టి, దిక్సూచి చూసుకుంటూ గీశాను. అందులో ఒక మూల మొత్తం ఎర్ర పెన్నుతో కొట్టేసి "ఇటు వద్దు" అని రాసి ఉంటుంది. ఎందుకో మీకే తెలుస్తుంది 🙂

సంధ్యా_సీగ్లైడ్:
జీలుగుబెండు గారు చెప్పింది సరే. కానీ మూన్‌పూల్ (సీమాత్‌ని నిలిపే బేస్ గది) కట్టి, లోపల అప్‌గ్రేడ్ కన్సోల్ పెట్టి, డెప్త్ మాడ్యూల్ మార్క్ 1 చేసుకుంటే సీమాతే 300 దాకా దిగుతుంది. దానికి ఎనామెల్డ్ గ్లాస్ కావాలి, ఆ గ్లాస్‌కి స్టాకర్ అనే వేటాడే జీవి పన్ను కావాలి. అక్కడే అందరూ విసిగిపోతారు.

స్టాకర్‌తో కొట్లాడకండి. కెల్ప్ ఫారెస్ట్‌లో (సముద్రపు నాచు అడవిలో) ఇసుక చదునుగా ఉన్నచోట మెటల్ సాల్వేజ్ (ఇనప తుక్కు) ముక్కలు నాలుగు పడేసి దూరంగా నిలబడండి. మా ఇంటి కుక్క పాత చెప్పు ఎత్తుకుపోయినట్టు నోట కరచుకుని తిరుగుతుంది. ఆ కొరకడంలో ఒక్కోసారి పన్ను ఊడుతుంది. తెల్లగా, వేలెడంత. రాళ్ళ సందులో పడితే ఇక కనబడదు, అందుకే చదును చోటు అన్నాను. నేను ఒక సాయంత్రమంతా ఇదే చేశాను, మావారు వెనకనుంచి చూసి "ఇదేం ఆట, చేపలకి పళ్ళ డాక్టరా?" అన్నారు.

సామాను ఎక్కడుందో తెలియకపోతే స్కానర్ రూమ్ కట్టండి. చుట్టూ 300 మీటర్ల వరకు వెతుకుతుంది. ఫ్రాగ్మెంట్లను (స్కాన్ చేస్తే కొత్త సామాను తయారీ తెలిసే ముక్కలను) కూడా చూపిస్తుంది.

గోడెక్కిన_పురుగు:
నాకైతే హాలో నైట్ అనే ఇంకో ఆట పద్ధతే నచ్చుతుంది. గోడలెక్కనిచ్చే మాంటిస్ క్లా చేతికొచ్చిన క్షణం, అంతకుముందు తల బాదుకున్న గోడలన్నీ గుర్తొస్తాయి, అన్నిటికీ పరిగెత్తాలనిపిస్తుంది. తలుపు తెరుచుకున్నట్టు తెలుస్తుంది. సబ్నాటికాలో ఆ తెరుచుకున్న చప్పుడే వినపడదు, అందుకే ఈయన 19 గంటలు గుమ్మంలో కూర్చున్నాడు. తప్పు ఆయనది కాదు.

జీలుగుబెండు:
ఒప్పుకుంటా, ఈ ఆట వీపు తట్టి చెప్పదు. కానీ హాలో నైట్‌లో గోడ ముందే కనబడుతుంది, ఏదో కావాలని తెలుస్తుంది. ఇక్కడ కింద కనబడేది చీకటే. అటు వెళ్ళొచ్చని మనంతట మనకే తట్టిన రోజున వచ్చే వణుకు నాకు అక్కడ రాలేదు.

టైటానియం_తాత:
రాత్రి వెళ్ళొచ్చాను. రీబ్రీదర్‌కి కావాల్సినవన్నీ లాకర్లలోనే ఉన్నాయి, సిగ్గేసింది. 190 దగ్గర సీమాత్ ఆపి, లైట్లు వెలిగించే ఉంచి దిగాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే పైన అది చిన్న దీపంలా ఉంది, చుట్టూ ఏమీ లేదు. హెడ్‌ఫోన్స్ ఒక చెవికి తీసేశాను, రెండు చెవులతో వినే ధైర్యం లేక. లైఫ్‌పాడ్ 19 దొరికింది. అక్కడి పీడీఏ తీసుకున్నాను, చదవడానికి ఆగలేదు. సీమాత్‌లో కూర్చునేసరికి 11 సెకన్ల ఊపిరి మిగిలింది. అందులోనే కూర్చుని చదివాను. ఇంకో చోటి జాడ ఉంది, అంతకంటే చెప్పను, నాలాంటివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటారు.

సంధ్య గారూ, మూన్‌పూల్ ముక్కలు ఎప్పుడో స్కాన్ చేసి మర్చిపోయాను. పొద్దున్నే కట్టేశాను. రెండు టైటానియం కడ్డీలు, అంటే 20 ముక్కలు పట్టింది. ఒక్క లాకర్ కూడా ఖాళీ కాలేదు.