శనివారం విందు: హాల్లో గ్యాస్ పెట్టనివ్వరట!

(బంధువుల మాటలు. పేర్లకు బదులు ఎవరుండే చోటు రాశాం.)

కూకట్‌పల్లి: హాలు మేనేజరు ఇప్పుడే ఫోన్ చేశాడు. సిలిండర్ లోపలికి రానివ్వరట, ఇండక్షన్ కూడా వద్దట. మైక్రోవేవ్ అయితే పెట్టుకోమన్నాడు. 120 మంది భోజనం. రేపు మధ్యాహ్నంలోగా క్యాటరింగ్ వాళ్ళకి ఖాయం చెప్పాలి. ఏం చేద్దాం?

డల్లాస్: ఇంత కంగారెందుకమ్మా? ఇంటికొకటి చొప్పున నాలుగు ఓవెన్లు తెస్తే సరి. మా గరాజ్‌లో ఒకటి ఖాళీగా పడుంది, సామానుతో పట్టుకొస్తా. నేను పంపిన విందు పనుల జాబితాలో 7వ పని కింద రాసుకోండి.

మియాపూర్: బాబాయ్, అది మాత్రం తేకండి. అక్కడిది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. చిన్న కన్వర్టర్ దానికి ఆనదు. ఇక లెక్క చూడండి. 800 వాట్ల ఓవెన్‌లో ఫ్రిజ్‌లోంచి తీసిన లీటరు సాంబారు పొగలు కక్కాలంటే ఏడెనిమిది నిమిషాలు. మనిషికి 150 మి.లీ. అనుకున్నా 18 లీటర్లు. నాలుగు ఓవెన్లతో అరగంట పైమాటే, ఈలోగా మొదట కాచింది చల్లారిపోతుంది. అన్నం, కూరల సంగతి ఇంకా ఎత్తలేదు.

పైగా వంటకు 800 వాట్లు అందాలంటే గోడ నుంచి 1200 పైనే లాగుతుంది. రెండింటిని ఒకే 6 ఆంప్స్ ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలిస్తే బోర్డు కాలుతుంది. ఒక్కోదానికి ఒక్కో 16 ఆంప్స్ సాకెట్ కావాలి. హాలు వంటగదిలో ఉన్నవి రెండే.

డల్లాస్: ఏం చెప్పినా కుదరదంటారే! జాబితా పంపి మూడు వారాలైంది, అప్పుడు ఒక్కరూ పలకలేదు.

కూకట్‌పల్లి: హాళ్ళ చుట్టూ తిరిగేది మేము అన్నయ్యా. అక్కడ కూర్చుని జాబితాలు ఎన్నైనా రాయొచ్చు.

తార్నాక: పోట్లాట ఆదివారం పెట్టుకోండర్రా. వంట బయటే అయిపోవాలి, క్యాటరింగ్ హాట్‌బాక్సుల్లో పొగలు కక్కుతూ రావాలి. వడ్డించేదాకా వేడి 60 డిగ్రీల కంటే తగ్గకూడదు. పొద్దున వండి బయట ఉంచిన అన్నాన్ని సాయంత్రం ఓవెన్‌లో పెట్టి బాగుచేద్దామంటే కుదరదు, అలాంటి అన్నంలో పుట్టే విషం వేడికి చావదు.

ఓవెన్లు రెండు చాలు, ఆలస్యంగా వచ్చేవాళ్ళ పళ్ళేలకీ, పెద్దవాళ్ళ ఇడ్లీలకీ. ఇడ్లీల మీద నీళ్ళు చిలకరించి, మూత వదులుగా పెట్టి, నిమిషంన్నర. కూరైతే మధ్యలో ఒకసారి కలపాలి, లేకపోతే అంచులు ఉడుకుతాయి, నడుమ చల్లగానే ఉంటుంది. స్టీలు గిన్నెలు, ఫాయిల్ డబ్బాలు, బంగారు అంచు ప్లేట్లు, మెలమైన్ ఏవీ లోపలికి పోకూడదు. ఉడికించిన గుడ్డు పెంకు తీసినా సరే, నిలువునా కోయకుండా పెట్టొద్దు. పేలేది ఒక్కోసారి ఓవెన్‌లో కాదు, నోట్లో. పసిపిల్లల పాలసీసా అసలే వద్దు, సీసా గోరువెచ్చగా ఉన్నా లోపల ఒకచోట పాలు సలసలా మరుగుతుంటాయి. వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి.

మియాపూర్: టీ నీళ్ళు కూడా జాగ్రత్త. నున్నటి గాజు కప్పులో బుడగ రాకుండానే మరిగే వేడి దాటుతాయి, పొడి వేయగానే ఎగజిమ్ముతాయి. ముందే చెక్క చెంచా వేసి పెట్టండి. లోపల మంట కనిపిస్తే తలుపు తీయకుండా గోడ దగ్గర స్విచ్ ఆపండి, గాలి తగలకపోతే అదే ఆరుతుంది. తెచ్చే ముందు లోపలి గోడనున్న మైకా రేకు మీద నూనె జిడ్డు తుడవండి, నిప్పురవ్వలు చాలావరకు అక్కడే వస్తాయి. రేకు పీకేయకండి. తలుపు సరిగ్గా పడని ఓవెన్ ఇంట్లోనే ఉండనివ్వండి.

డల్లాస్: సరే. హాట్‌బాక్సుల అద్దె ఎంతో చెప్పండి, ఇప్పుడే పంపిస్తా. మరి జాబితాలో ఫొటో బూత్, స్వాగత తోరణం ఎవరు చూస్తున్నారు?

కూకట్‌పల్లి: క్యాటరింగ్ అతను ఒప్పుకున్నాడు. ఆరుంబావుకి బయల్దేరితే ఏడుకి హాల్లో ఉంటాడట. దించుకోవడానికి నలుగురు కావాలి.

మియాపూర్: నేనూ మా తమ్ముడూ వస్తాం. మాది 20 లీటర్ల ఓవెన్, గాజు పళ్ళెం విడిగా దుప్పట్లో చుట్టి తెస్తా. రెండోది?

తార్నాక: మాది. ఎవరైనా కారులో వచ్చి తీసుకెళ్ళాలి, లిఫ్ట్ పనిచేయట్లేదు.