కుండీల్లో వేరు పురుగు: మిత్ర నెమటోడ్లు వేయవచ్చా?

ప్రశ్న (ఉప్పల్, మిద్దె తోట)

అందరికీ నమస్తే. మా మిద్దె మీద నలభై కుండీల దాకా ఉన్నాయి. రెండు వారాల నుంచి గులాబీ, బంతి మొక్కలు ఉన్నట్టుండి వాడిపోతున్నాయి. నీళ్లు చాలడం లేదేమోనని ఎక్కువ పోశాను, ఏమీ మారలేదు. నిన్న ఒక బంతి మొక్కను పట్టుకుంటే చేతికి ఊడి వచ్చేసింది, కింద వేర్లే లేవు. మట్టి కుమ్మరించి చూస్తే తెల్లగా, లావుగా, కొడవలిలా వంకర తిరిగిన పురుగులు ఏడు దొరికాయి.

ఆకుకూరలు కూడా ఆ పక్కనే పెంచుతాం. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, గుళికల మందు వేయడం నాకు ఇష్టం లేదు. నెమటోడ్లు, అంటే మట్టిలో ఉండే సన్నటి నులిపురుగులు, వేస్తే ఈ పురుగు పోతుందని ఒకరు చెప్పారు. నర్సరీలో అడిగితే, "నెమటోడ్లు పడితే మొక్కలే చస్తాయమ్మా" అన్నారు. ఏది నిజం? వేసేటట్లయితే ఎలా వేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (అనంతపురం)

అక్కా, ఇద్దరూ నిజమే చెప్పారు. కాకపోతే వాళ్లు చెబుతున్నది రెండు వేరు వేరు జాతుల గురించి. టమాటా, బెండ వేర్ల మీద బుడిపెలు కట్టించేది ఒక రకం నులిపురుగు, అది మొక్క వేరును తిని బతుకుతుంది. మీకు కావలసింది మట్టిలోని పురుగులను వెతికి చంపే రకం. అది మొక్కను ముట్టదు. వానపాములకు, మనుషులకు, పిల్లులకు, కుక్కలకు దానితో ఇబ్బంది లేదు.

మన వేడికి సరిపోయేది హెటెరోరాబ్డిటిస్ ఇండికా. ఇది మన దేశపుదే. కోయంబత్తూరులో దొరికిన దానికి 1992లో ఈ పేరు పెట్టారు. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ దీన్ని నీళ్లలో కలిపి పోసుకునే పొడిగా తయారుచేసి, కంపెనీలకు ఆ పద్ధతిని ఇచ్చింది. కాబట్టి ప్యాకెట్ మీద ఈ పేరు ఉందో లేదో చూసి తీసుకోండి. చల్లటి దేశాల రకాలు తెప్పించుకుంటే మన మిద్దెల వేడికి నిలబడటం కష్టం.

అయితే డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. దొరికిన పురుగును గచ్చు మీద వదిలి చూడండి. కాళ్లు పైకి పెట్టి వెల్లకిలా పాకితే అది పూల మీద వాలే పెంకు పురుగు పిల్ల. అది చివికిన ఎరువునే తింటుంది, దాన్ని చంపనక్కర్లేదు, కంపోస్టు డబ్బాలో వేసేయండి. బొటనవేలంత లావుగా ఉండి పేడ ఎరువుతో పాటు వచ్చి ఉంటే కొమ్ము పురుగు పిల్ల కావచ్చు, అది పెద్దయ్యాక కొబ్బరికి చేటు. పక్కకు పడుకుని, వంకరగా ముడుచుకుని, సరిగ్గా పాకలేకపోతే అదే వేరు పురుగు. మా వైపు వేరుశనగను సాలుసాలుగా ఎండబెట్టేది ఇదే. ప్రతి తెల్ల పురుగూ శత్రువేనని మిద్దె తోటల్లో చాలామంది భయపడతారు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఉప్పల్

వదిలి చూశాను అన్నా. రెండు వెల్లకిలా పాకాయి! మిగతా ఐదూ ముడుచుకునే ఉన్నాయి. అంటే వేరు పురుగు ఉన్నట్టే కదా. ఇప్పుడు ఎంత వేయాలి, ఎలా వేయాలి?

జవాబు (అనంతపురం)

ఉన్నట్టే. ముందు అది ఎలా పనిచేస్తుందో చెబుతాను, అప్పుడు జాగ్రత్తలు ఎందుకో అర్థమవుతుంది. ఈ నెమటోడ్ పిల్ల అర మిల్లీమీటరు పొడవుంటుంది. మట్టి రేణువుల చుట్టూ ఉండే నీటి పొరలో ఈదుకుంటూ పోయి పురుగు నోటి నుంచో, శ్వాసరంధ్రాల నుంచో లోపలికి దూరుతుంది. నెమటోడ్ పొట్టలో ఫోటోరాబ్డస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, దాన్ని పురుగు రక్తంలోకి వదులుతుంది. లేత పురుగైతే రెండు రోజుల్లో చస్తుంది. చచ్చిన పురుగు కుళ్లి కంపు కొట్టదు, ఇటుక రంగుకు తిరుగుతుంది. దాని లోపలే నెమటోడ్లు పిల్లలు పెట్టి, రెండు వారాల్లో వేలకు వేలు మళ్లీ మట్టిలోకి వస్తాయి.

నీటి పొర లేకపోతే అది కదల్లేదు. ఎండ తగిలితే కొద్ది నిమిషాల్లోనే చస్తుంది. నేను మొదటిసారి పొద్దున పది గంటలకు పొడి మట్టి మీద పోసి మొత్తం పోగొట్టుకున్నాను. అందుకే పొద్దు గూకాక పోయండి, లేదా రోజంతా మబ్బు పట్టి ఉన్నప్పుడు పోయండి. అంతకు ముందే కుండీని బాగా తడపండి. పోశాక మళ్లీ కొంచెం నీళ్లు పోస్తే అవి పైన ఆగకుండా కిందికి దిగుతాయి. తర్వాత రెండు వారాలు మట్టి తేమ ఆరనివ్వకండి. నీళ్లు నిలవకూడదు, తడి మాత్రం ఉండాలి. పైన ఎండుటాకులు గానీ గడ్డి గానీ కప్పితే మిద్దె వేడి నుంచి కాపాడినట్టవుతుంది.

మోతాదు చదరపు సెంటీమీటరుకు 25 చొప్పున. పొలం లెక్కలో సెంటుకు కోటి, ఎకరానికి 100 కోట్లు. పన్నెండు అంగుళాల కుండీ పైభాగం సుమారు 700 చదరపు సెంటీమీటర్లు, అంటే దానికి 17,500 కావాలి. పురుగు కనబడిన కుండీలకు నేనైతే రెట్టింపు వేస్తాను. ప్యాకెట్ మీద గ్రాముకు ఎన్ని ఉన్నాయో రాసి ఉంటుంది, దాన్ని బట్టి లెక్క వేసుకోండి. మునిసిపల్ నీళ్లయితే ముందు రోజు రాత్రి బకెట్లో పట్టి ఉంచండి. కలిపాక బకెట్‌ను కలుపుతూనే పోయాలి, లేకపోతే నెమటోడ్లు అడుక్కి చేరతాయి. స్ప్రేయర్ వాడితే లోపలి సన్న జల్లెడ తీసేయండి. కుండీలకైతే పూల చెంబుతో పోయడమే తేలిక.

వేసే ముందు ఒక చుక్క తెల్ల పళ్లెంలో వేసి భూతద్దంతో చూడండి. వంకరలు తిరుగుతూ కదిలితే బతికున్నాయి. పుల్లల్లా నిటారుగా, కదలకుండా ఉంటే ఆ ప్యాకెట్ వెనక్కి ఇచ్చేయండి. ప్యాకెట్‌ను ఎండలో గానీ కారులో గానీ పెట్టకండి.

సందేహం (విజయవాడ)

మందారానికి పిండినల్లి, మిరపకు తెల్లదోమ బాగా ఉన్నాయండీ. ఇదే నీళ్లు ఆకుల మీద కొట్టవచ్చా?

జవాబు (అనంతపురం)

వద్దండీ. ఆకు మీద తేమ ఆరగానే నెమటోడ్ కూడా ఎండిపోతుంది. వాటికి వేపనూనె, సబ్బు నీళ్లే చూసుకోండి.

జవాబు (న్యూజెర్సీ)

మా పెరటి లాన్‌లో జపనీస్ బీటిల్ పిల్లలు గడ్డి వేర్లు తినేస్తుంటే నేనూ నెమటోడ్లే వేశాను. ఇక్కడ వాడేది హెటెరోరాబ్డిటిస్ బాక్టీరియోఫోరా అనే రకం. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు వేస్తాం. ఒక ఏడాది ఆలస్యంగా అక్టోబరులో వేశాను. అప్పటికి నేల చల్లబడింది, పురుగు ముదిరింది, తేడా ఏమీ కనిపించలేదు.

జవాబు (అనంతపురం)

ఆ మాట ముఖ్యం. మన దగ్గర తొలకరి పడగానే పెద్ద పెంకు పురుగులు సందెవేళ నేలలో నుంచి లేచి వేప, రేగు, మునగ ఆకులు తిని, తిరిగి మట్టిలో గుడ్లు పెడతాయి. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు పిల్లలు లేతగా ఉంటాయి, అదే సరైన అదను. ఇప్పుడు ఆగస్టు కాబట్టి మీ కుండీల్లో కొన్ని ముదిరి ఉంటాయి. పెద్దవాటిని చేత్తో ఏరేసి, మిగిలిన వాటి కోసం వేయండి. వచ్చే ఏడాది మృగశిర కార్తె నుంచే సాయంత్రాలు మిద్దె మీద లైట్లు ఆర్పేయండి, ఆ వెలుగుకే అవి వస్తాయి. ఎరువును కూడా జల్లించి వేసుకోండి.

ఉప్పల్

పది రోజుల కింద అన్ని కుండీలకూ వేప పిండి వేశాను. ఫరవాలేదా?

జవాబు (అనంతపురం)

వేప పిండి ఎక్కువైతే నెమటోడ్లకూ మంచిది కాదు. ఇంకో వారం ఆగి వేయండి. గుళికలు వేసిన మట్టిలో మాత్రం అసలు వేయకండి.

ఉప్పల్ (మూడు వారాల తర్వాత)

అన్నా, మీరు చెప్పినట్టే ఆదివారం సాయంత్రం పోశాను. పన్నెండో రోజున ఐదు కుండీలు తవ్వి చూశాను. మూడింటిలో ఇటుక రంగు పురుగులు దొరికాయి, మెత్తగా ఉన్నాయి, వాసన లేదు. పిట్టగోడ పక్కన ఎండ తగిలే రెండింటిలో మాత్రం పురుగులు బతికే ఉన్నాయి. ఊరెళ్లినప్పుడు ఆ రెండూ ఆరిపోయాయి. గులాబీలు కొత్త చిగురు వేశాయి. ఆ ఎర్ర పురుగులను ఏం చేయాలి?

జవాబు (అనంతపురం)

పారేయకండి అక్కా, వాటి నిండా నెమటోడ్లే. పురుగులు బతికున్న ఆ రెండు కుండీల్లో అంగుళం లోతున పూడ్చి, తడిపి, పైన గడ్డి కప్పండి. వీలైతే ఆ కుండీలను నీడకు జరపండి.

ఉప్పల్

నాలుగు మిగిలాయి, రెండేసి చొప్పున ఇప్పుడే పూడ్చాను. కుండీలను నీళ్ల ట్యాంకు నీడకు జరిపాం.