షుగర్ లేకుండా కిడ్నీ కోసం డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నవాళ్లున్నారా?

నాన్నకి షుగర్ లేదు. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ 38కి పడిందని డాక్టరుగారు డాపాగ్లిఫ్లోజిన్ 10 ఎంజీ రాశారు. షుగర్ మాత్ర నాకెందుకని ఆయన మొండికేస్తే నేనే కూర్చుని చదివాను. ఈ మాత్ర మీద 2020లో వచ్చిన డాపా-సీకేడీ ట్రయల్‌లో 4,304 మంది. దాదాపు మూడోవంతుకి షుగర్ లేదు, వాళ్లకీ మేలు జరిగింది. ఇంతవరకూ బాగానే ఉంది.

చిక్కెక్కడంటే, అందులో చేర్చుకున్నవాళ్లందరికీ మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ బాగా పోతోంది. నాన్నకి ఆ రిపోర్టు దాదాపు నార్మల్. ఎంపా-కిడ్నీ అనే ఇంకో ట్రయల్‌లో ఇలాంటివాళ్లనీ తీసుకున్నారు గానీ అందులో ఇచ్చింది ఇదే రకానికి చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్, పైగా ఆల్బుమిన్ తక్కువున్నవాళ్లలో లాభం అంత స్పష్టంగా తేలలేదు.

ఆల్బుమిన్ పోకుండానే ఈ మాత్ర వాడుతున్నవాళ్లెవరైనా ఉంటే మీ డాక్టరు ఏమన్నారో చెప్పండి. మొదట్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు కోసం రక్తంలో చూసేది) కాస్త పెరగడం మామూలేనట, మీకు ఎన్నాళ్లకు కుదురుకుంది? మాత్ర ఆపమని మాత్రం చెప్పకండి, అది డాక్టరుగారితోనే తేల్చుకుంటాం.