అప్‌డేట్: టాప్ తీసిన కారులో నాయిస్ క్యాన్సెలింగ్ హెడ్‌ఫోన్స్

కాలిఫోర్నియాలో మియాటా (మాజ్డా వాళ్ల రెండు సీట్ల ఓపెన్ టాప్ కారు) టాప్ తీసి ఫ్రీవే ఎక్కితే గాలి హోరుకి చెవులు గింగురుమంటున్నాయి, నాయిస్ క్యాన్సెలింగ్ హెడ్‌ఫోన్స్ (బయటి శబ్దాన్ని మైకులతో పట్టి, దాన్ని చెవిలో వినపడకుండా తగ్గించేవి) పెట్టుకుని నడపొచ్చా అని అడిగాను కదా. కుదరదు. ఇక్కడి వెహికల్ కోడ్ 27400 ప్రకారం రెండు చెవులూ మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బండి నడపకూడదు, పాటలు ఆపేసి ఉత్తినే పెట్టుకున్నా సరే. అదే సెక్షన్‌లో, హాని చేసే శబ్దాన్ని తగ్గించే ఇయర్‌ప్లగ్స్‌కి మాత్రం మినహాయింపు ఉంది, కాకపోతే సైరన్, హారన్ వినపడాలి. బైకర్లు వాడే ఫిల్టర్ రకం ఇయర్‌ప్లగ్స్ (హోరు తగ్గించి, మిగతా శబ్దాలు విననిచ్చేవి) తీసుకున్నాను, బాగున్నాయి.

మా ఆవిడ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని హెడ్‌ఫోన్స్ కూడా పెట్టి చూశాను. టైర్ల రొద తగ్గింది గానీ, గాలి నేరుగా హెడ్‌ఫోన్స్ బయటి మైకులకి కొట్టేసరికి చెవిలో టపటపమని ఇంకో చప్పుడు మొదలైంది. విమానం ఇంజన్‌లా ఒకే తీరున సాగే శబ్దమైతేనే అవి బాగా పనిచేస్తాయి, ఎటుపడితే అటు కొట్టే గాలికి కాదు.

అసలు తేడా తెచ్చింది విండ్ డిఫ్లెక్టర్, అంటే వెనక నుంచి గాలి లోపలికి తిరిగి కొట్టకుండా ఆపే పలక. సీట్ల వెనక అది నిలబెట్టి, పక్క కిటికీల అద్దాలు పూర్తిగా పైకెత్తేస్తే ఇప్పుడు అరవకుండానే మాట్లాడుకోగలుగుతున్నాం. ఫ్రీవే మీద ఎక్కువసేపు వెళ్లాల్సి వస్తే మాత్రం టాప్ వేసేస్తున్నాను.